వాలు తెలిసిన తాత

రాజాంలో మా ఇంట్లో ఫోన్లో గోల్ఫ్ చూస్తుంటే తాత అడిగాడు, "ఏట్రా, ఆడు వంగుని నేలకేసి చూస్తన్నాడు?"

"గ్రీన్ రీడింగ్ తాతా."

అర్థం కాలేదు. విడమర్చి చెప్పాను: నాలుగుంపావు అంగుళాల గుంతలోకి బంతిని దొర్లించాలి. దాన్ని పుటింగ్ అంటారు. నేల వాలును బట్టి బంతి పక్కకి తిరుగుతుంది, అది బ్రేక్. అందుకే గురి గుంతకి కాదు, కాస్త ఎగువకి పెట్టాలి. మెల్లగా కొడితే ఇంకా ఎక్కువ తిరుగుతుంది.

"మడికి నీరు కట్టినప్పుడు నాను సూసీది అదే కదేటి!" అన్నాడు.

ఇంగ్లీష్ పదాలు వద్దనను. కానీ ఇంట్లో వాళ్ళకి తెలుగులో చెప్పలేని పదం మనకి వచ్చినట్టు కాదు. వైవాలో నేను బట్టీపట్టి అప్పజెప్పిన గ్రేడియంట్ డిసెంట్ కూడా వాలు వెంట దిగడమే. అది తాతకి ముందే తెలుసు.