‘ఏమీ కాదు’ అన్నాము, ఇప్పుడు ఏమందాము?

ఏడాదికి పైగా ఈ పుటల్లో రాయవలసి ఉండీ రాయకుండా వదిలిన విషయాన్ని ఈ నెల రాస్తున్నాము. అది కోవిడ్ టీకా వేయించుకున్న తర్వాత మన ఇళ్లలో కొందరు పడిన బాధల గురించి. ఆ బాధలు చెబుతూ మాకు ఉత్తరాలు వచ్చాయి. మసీదు మెట్ల మీద, వలీమా విందుల్లో, ఆడవాళ్ల ఇజ్తెమాల్లో ఆ మాటలు మా చెవిన పడ్డాయి. విని ఊరుకున్నాము. ఊరుకోవడానికి కారణాలున్నాయి. అయితే కారణాలు ఉన్నంత మాత్రాన అది ఒప్పు కాదు.

మొదటి కారణం 2020 నాటి గాయం. ఆ మార్చి నెలాఖరున ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌ను అడ్డం పెట్టుకొని, వ్యాధిని మనమే మోసుకొచ్చామని దేశమంతటా ప్రచారం జరిగింది. మన కూరగాయల బండ్లను వీధుల్లోకి రానివ్వని రోజులు చూశాము. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తబ్లీగీ విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. తీర్పు వచ్చింది గాని, చెదిరిన మనసులు వెంటనే కుదుటపడలేదు. అందువల్ల 2021లో టీకా వచ్చినప్పుడు మాకు ఒకటే భయం పట్టుకుంది: ముస్లింలు టీకాకు వ్యతిరేకులన్న మరో నింద మన నెత్తిన పడకూడదు.

అందుకే ఊరూరా, వాడవాడా తిరిగాము. టీకాలో పంది కొవ్వు ఉందన్న పుకారుకు సమాధానం చెప్పాము. హజ్‌కు వెళ్లే మన పెద్దలు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) నిరోధక టీకా వేయించుకోవడం ఎప్పటినుంచో ఉన్నదేనని, అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకని గుర్తుచేశాము. ఆ ఏడు రంజాన్ ఏప్రిల్ 14న మొదలైంది. సూది వేయించుకుంటే రోజా భంగం కాదని పలువురు ఉలమాలు చెప్పిన మాటను జుమా నాడు ఇమామ్ సాహెబ్ నోట చెప్పించాము. ఒంటెను కట్టిన తర్వాతే తవక్కుల్ అన్న బోధను పదేపదే వినిపించాము. వీటిలో ఏ ఒక్కటీ తప్పని ఈనాటికీ అనుకోవడం లేదు. ఆ ఏప్రిల్, మే నెలల్లో ఖబ్రస్థాన్‌లలో తవ్వేవారు దొరక్క మనమే గడ్డపారలు పట్టిన సంగతి మరచిపోగలమా? టీకా ఎన్నో ప్రాణాలు నిలిపింది. ఆ విషయంలో మాకు సందేహం లేదు.

మేము చేసిన తప్పు ఒక్క మాటలో ఉంది. ఎవరు ఏ సందేహం అడిగినా ‘ఏమీ కాదు’ అన్నాము.

ఆ మాట నిజం కాదని మా ఒంటికే ముందు తెలిసింది. 2021 మార్చిలో మొదటి డోసు వేయించుకున్న రాత్రి రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, జ్వరం, కీళ్ల నొప్పులు. రెండు రోజులు మంచం దిగలేదు. మూడో నాటికి మామూలయ్యాము. మా శ్రీమతికి చెయ్యి వాచి, వారం రోజులపాటు తల దువ్వుకోవడం కూడా కష్టమైంది. ఇవన్నీ సాధారణమేనని, శరీరం రక్షణ పెంచుకుంటున్నదనడానికి గుర్తులని తర్వాత డాక్టరు చెప్పారు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే భయం ఉండేది కాదు. రోజు కూలి మీద బతికే దర్జీకి, బీడీలు చుట్టే తల్లికి రెండు రోజుల జ్వరమంటే రెండు రోజుల పస్తు. ముందే తెలిస్తే వారు పని లేని రోజు చూసుకొని వేయించుకునేవారు. ఆ పాటి అవకాశం కూడా మేము వారికి ఇవ్వలేదు.

అంతకంటే బరువైనది మరొకటి ఉంది. మేము స్వయంగా ఇంటికి వెళ్లి నచ్చజెప్పి కేంద్రానికి పంపించిన ఒక సోదరి ఉన్నారు. నలభై దాటిన వయసు, కుట్టుపని మీద ముగ్గురు పిల్లలను సాకుతున్నారు. టీకా తర్వాత రెండో వారంలో ఒక ఉదయం ఆమె ముఖం ఒకవైపు జారిపోయింది. ఎడమ కన్ను మూతపడదు, నోట్లో పోసుకున్న నీళ్లు పెదవి చివర నుంచి కారిపోతాయి. టీకా వేసిన చోటికి వెళితే ‘దీనికీ దానికీ సంబంధం లేదు’ అని ఒక్క మాటతో పంపివేశారు. చూసిన వారు లేరు, రాసుకున్న వారు లేరు. ప్రైవేటు వైద్యానికి చెవి కమ్మలు కుదువపెట్టారు. నాలుగు నెలలకు చాలావరకు తగ్గింది, అల్‌హందులిల్లాహ్. పరామర్శకు వెళ్లిన నాడు ఆమె అన్న మాట మాత్రం మమ్మల్ని వదలడం లేదు: ‘చాచా, ఏమీ కాదని మీరే కదా చెప్పింది!’ ఆ గొంతులో కోపం కూడా లేదు.

ఆ జబ్బు టీకా వల్లనే వచ్చిందని మేము అనడం లేదు. మేము వైద్యులము కాము. ముఖానికి పక్షవాతం టీకా ఊసే లేని రోజుల్లోనూ వచ్చేది. టీకా తర్వాత జరిగినదంతా టీకా వల్ల జరిగినది కాదు. కాకతాళీయమన్న మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. కానీ సంబంధం లేదని చెప్పడానికైనా ముందు పరీక్షించాలి కదా. పరీక్షించకుండా ‘ఉంది’ అనడం పుకారైతే, పరీక్షించకుండా ‘లేదు’ అనడం మాత్రం ఏమవుతుంది?

నిజానికి ప్రభుత్వమే ఇందుకు ఒక పద్ధతి పెట్టింది. టీకా తర్వాత కలిగే ఏ ఇబ్బందినైనా ఏ.ఇ.ఎఫ్.ఐ. పేరుతో నమోదు చేయాలి. తీవ్రమైన వాటిని జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి కమిటీలు విచారించి, టీకా వల్ల కలిగినదా, యాదృచ్ఛికమా, తేల్చలేనిదా అని విభజించాలి. ఆ పద్ధతి పనిచేసిన చోట నిజం బయటికి వచ్చింది కూడా. 2021 మే నెలలో జాతీయ కమిటీ తీవ్రమైన 498 ఘటనలను పరిశీలించి, వాటిలో 26 కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టిన కేసులు కావచ్చునని తేల్చింది. పది లక్షల డోసులకు 0.61 చొప్పున అన్నది. టీకా వేసుకున్న 20 రోజుల లోపల ఆయాసం, ఛాతీ నొప్పి, కాళ్ల వాపు, విడవని తలనొప్పి, సూది వేసిన చోట కాక వేరే చోట ఎర్రటి చుక్కలు కనిపిస్తే వెంటనే చెప్పాలని ఆరోగ్య శాఖ సూచించింది. 2021 మార్చి 8న టీకా వేసుకున్న 68 ఏళ్ల వ్యక్తి మరణం తీవ్రమైన అలర్జీ వల్లనేనని జూన్‌లో కమిటీ ఒప్పుకున్నది. ఈ సంఖ్యలు చిన్నవి, ధైర్యం కలిగించేవి. కానీ ఇవి నమోదైన వాటిలోంచి తీసిన లెక్కలు. మా సోదరి ఆ లెక్కలో లేరు. ఆ 20 రోజుల సూచన మా మొహల్లాలో ఏ గోడ మీదా మేము చూడలేదు, ఉర్దూలోనూ లేదు, తెలుగులోనూ లేదు.

ఆడవారి విషయం మరీ అన్యాయం. టీకా తర్వాత నెలసరి తేదీలు మారాయని ఎంతోమంది గుసగుసగా చెప్పుకున్నారు. పరదా మాటున ఉన్న స్త్రీ ఈ సంగతి మగ ఉద్యోగికి ఎలా చెబుతుంది? చెప్పే దారి లేని చోట పుకారు పుడుతుంది. పిల్లలు పుట్టరన్న అబద్ధం అలాగే పాకింది. అమెరికాలో దాదాపు 4,000 మంది స్త్రీల వివరాలను పరిశీలించిన అధ్యయనం 2022 జనవరిలో వెలువడింది. టీకా తర్వాత నెలసరి సగటున ఒక రోజు లోపు ఆలస్యమైనదని, ఆ మార్పు తాత్కాలికమని అది తేల్చింది. అంటే మన ఆడపడుచులు చెప్పినది భ్రమ కాదు. భయపడవలసినదీ కాదు. ఆ రెండు ముక్కలూ కలిపి చెప్పేవారు ఉంటే చాలు, అబద్ధానికి కాలు నిలిచేది కాదు.

మేము ప్రభుత్వ కార్యాలయంలో ఇన్వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్ల మధ్య జీవితం గడిపినవాళ్లము. అక్కడ నేర్చుకున్న పాఠం ఒకటి ఉంది. తపాలులో నంబరు పడని కాగితం ప్రభుత్వం దృష్టిలో రాని కాగితమే. నంబరు పడని బాధ లేని బాధే. ఈ సత్యాన్ని దేశ అత్యున్నత న్యాయస్థానం కూడా గుర్తించినందుకు సంతోషిస్తున్నాము. 2022 మే 2న జేకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు మూడు మాటలు చెప్పింది. శరీరంపై వ్యక్తికి గల హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగం గనుక ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదు. ప్రభుత్వ టీకా విధానం నిర్హేతుకమైనది కాదు. టీకా తర్వాతి ఇబ్బందులను ప్రజలు, ప్రైవేటు డాక్టర్లు కూడా నేరుగా తెలిపే వేదిక ఏర్పరచి, ఆ నివేదికలకు విడివిడిగా సంఖ్యలిచ్చి, వ్యక్తుల వివరాలు బయటపడకుండా అందరికీ అందుబాటులో ఉంచాలి. మూడో మాట మనకు ఎంతో విలువైనది. తీర్పు కాగితం మీద ఉంది. అమలు చేయించుకోవడం మన చేతుల్లో ఉంది.

మరి నష్టపరిహారం సంగతేమిటి? మందుల ప్రయోగ దశలో పాల్గొని హాని పొందిన వారికి 2019 నియమాల ప్రకారం పరిహారం ఉంది. ప్రభుత్వ పిలుపు విని చెయ్యి చాచిన సామాన్యునికి 2022 నాటికి లేదు. బ్రిటన్‌లో 1979 నుంచి టీకా వల్ల తీవ్ర వైకల్యం పొందినవారికి చెల్లింపు చట్టం ఉంది. కోవిడ్ టీకాను 2020 డిసెంబరులోనే అందులో చేర్చారు. పదిమంది మేలు కోసం వేయించుకున్న టీకా ఒకరికి హాని చేస్తే, ఆ ఒకరి భారం పదిమందీ మోయాలి. ఇది దయ కాదు, ఇన్సాఫ్.

2022లో ముందుజాగ్రత్త డోసు మాట నడిచింది. అరవై దాటిన వారికి ఉచితంగా వేశారు. ఆ ఏడు హజ్‌కు 65 ఏళ్ల లోపువారిని, టీకాలు పూర్తయిన వారినే అనుమతిస్తామని సౌదీ ప్రభుత్వం షరతు పెట్టింది. మళ్లీ మా వద్దకు వచ్చి ‘వేయించుకోమంటారా?’ అని అడిగారు. వేయించుకోమనే చెప్పాము. కానీ ఈసారి ‘ఏమీ కాదు’ అనలేదు. ‘రెండు రోజులు జ్వరం రావచ్చు. చాలా అరుదుగా పెద్ద ఇబ్బంది రావచ్చు. గుండె జబ్బు, అలర్జీ, వాడే మందులు ఉంటే ముందే చెప్పండి. అరగంట అక్కడే కూర్చోండి. ఏదైనా జరిగితే మేము మీ వెంట వస్తాము’ అన్నాము. ఇంత చెబితే జనం జంకుతారని కొందరు మిత్రులు అన్నారు. మాకు కనబడినది వేరు. నిజం విన్నవారు ఇంకో రెండు ప్రశ్నలడిగి, ఆధార్ కార్డు చేతపట్టుకొని బయలుదేరారు.

పాఠక కుటుంబాలకు మా విన్నపం ఇది. టీకా తర్వాత ఇంట్లో ఎవరికి ఇబ్బంది కలిగినా టీకా పేరు, తేదీ, వేసిన చోటు, ఇబ్బంది మొదలైన రోజు, చూపించిన డాక్టరు చీటీ ఒక దగ్గర పెట్టండి. ఆశా కార్యకర్తకు గాని, ఏ.ఎన్.ఎం.కు గాని, ఆరోగ్య కేంద్రం డాక్టరుకు గాని చెప్పి నమోదు చేయమని అడగండి.  వినకపోతే తెల్లకాగితం మీద అర్జీ రాసి సోమవారం కలెక్టరేటులో ఇవ్వండి. తెలంగాణలో ప్రజావాణి వంటివి ఉన్నవి అందుకే. రసీదు లేకుండా వెనుదిరగవద్దు. ఉన్నదానికంటే ఒక్క ముక్క ఎక్కువ రాయవద్దు, ఒక్క ముక్క తక్కువా రాయవద్దు. అబద్ధపు సాక్ష్యం ఎంత పాపమో, సాక్ష్యాన్ని దాచడం అంత పాపమని మన దీన్ నేర్పింది. మసీదు కమిటీలు వారానికి ఒక పూట రాయడం వచ్చిన యువకుణ్ని, చదువుకున్న ఒక సోదరిని ఇందుకు కూర్చోబెట్టగలిగితే అంతకు మించిన ఖిద్మత్ లేదు.

ఆ సోదరి పేరున అర్జీని మేమే రాశాము. ఏడాది ఆలస్యంగానైనా గత సోమవారం ఆమెతో పాటు వెళ్లి ఇచ్చాము. గుమాస్తా మొదట తీసుకోనన్నాడు. మేము కదలకుండా నిలబడ్డాము. చివరికి ముద్ర వేసి నంబరు రాసిచ్చాడు. ఆమె ఆ చీటీని మడిచి, టీకా సర్టిఫికెటుతో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నారు. జవాబు ఏమని వస్తుందో అల్లాహ్‌కు ఎరుక. సంబంధం లేదని వచ్చినా సరే, పరీక్షించి చెప్పిన మాట కావాలి. ఆ జవాబు వచ్చేదాకా ప్రతి సోమవారం ఆమె వెంట వెళతాము. వచ్చిన జవాబును, అది ఏదైనా, ఈ పుటల్లోనే అచ్చువేస్తాము.