గోడ అవతలివారి మొర

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఉన్న ఇంటికి ఇంకో గది కలిపి చూడమని వారు చెప్పలేదు గాని, అదీ చెప్పదగిన మాటే. ఖాళీ జాగాలో కొత్తగా కట్టుకునేవాడికి మేస్త్రీతో, ఇసుకతో, సిమెంటు ధరతోనే తగవు. ఇరవై ఏళ్లుగా కాపురమున్న ఇంటి మీద పైగది వేసేవాడికి మాత్రం ముందుగా ఎదురయ్యేది పక్కింటివారి ముఖం. నిన్నటిదాకా పండక్కి సకినాలు పంపినవారే, పిల్లర్ల గుంత తవ్విన రోజు నుండి పలకరింపు మానేస్తారు. ఆ తర్వాత హద్దు మాట వస్తుంది, ఆపైన పెద్దమనుషులు వస్తారు. మరికాస్త ముదిరితే పోలీస్‌స్టేషన్, కోర్టు. పాత ఊళ్లలో గ్రామకంఠం ఇళ్లకు పొలాలకున్నట్లుగా విడివిడి సర్వే నంబర్లు ఉండవు. తాతలనాటి మట్టిగోడే హద్దు. ఆ గోడ కూలిన రోజున హద్దు ఎవరి నోట ఎంత గట్టిగా వస్తే అంత!

ఇలాంటి సమయాల్లో విశ్వాసులు పాస్టర్ వద్దకు వచ్చి చేసే విన్నపం దాదాపు ఒక్కలాగే ఉంటుంది. 'అయ్యగారూ, శత్రువు లేచాడు, పని ఆపాలని చూస్తున్నాడు, ప్రార్థన చేయండి' అంటారు. మేమూ వెంటనే నెహెమ్యా గ్రంథం తెరుస్తాం. యెరూషలేము గోడ కడుతున్న దేవుని ప్రజలను సన్బల్లటు, టోబీయా ఎగతాళి చేశారు, బెదిరించారు, కుట్ర పన్నారు. అయినా గోడ 52 రోజుల్లో పూర్తయింది (నెహెమ్యా 6:15). ప్రార్థన ముగిసేసరికి విశ్వాసి నెహెమ్యా అయిపోతాడు, పక్కింటాయన సన్బల్లటు అయిపోతాడు. ఆ తర్వాత ఆ ఇద్దరి మధ్య రాజీ కష్టం. సన్బల్లటుతో ఎవరైనా రాజీ పడతారా?

ఇతరుల సంగతి ఎందుకు? నేనే ఆ పని చేశాను. 2019 వేసవిలో నెక్కొండలోని మా చిన్న ఇంటి మీద ఒక గది వేయాలనుకున్నాం. కూతురు కాన్పుకు వస్తోంది, ఉన్న రెండు గదుల్లో ఒకటి పుస్తకాలకూ, వచ్చేపోయే విశ్వాసులకూ సరిపోతోంది. బ్యాంకు లోను తీసుకున్నాం. పంచాయతీ అనుమతి తెచ్చుకున్నాం. మా స్థలంలోనే, మా గోడ మీదే కడుతున్నాం. ఎవరి జానెడు జాగా తీసుకోలేదు. అయినా పడమటి గోడ నాలుగు వరుసలు లేచేసరికి, పడమటి పక్కనున్న పొరుగాయన వచ్చి మేస్త్రీని దింపేశాడు. పద్దెనిమిదేళ్లుగా 'అయ్యగారూ' అని పిలిచిన మనిషి 'పాస్టరువైతే మా నెత్తి మీద కడతవా?' అన్నాడు. రెండు రోజుల తర్వాత తెల్లారి చూస్తే సెంట్రింగ్ కర్రలు కిందపడి ఉన్నాయి. ఎవరు పడేశారో చూసినవారు లేరు. మాకు మాత్రం సందేహం లేదు!

ఆయన పత్తి, మిర్చి పండించే రైతు. మన విశ్వాసంలో లేడు. కాబట్టి ఆ గొడవకు 'హింస' అని పేరు పెట్టడం నాకు చాలా తేలికైంది. సువార్త నిమిత్తం శ్రమపడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ గదికీ సువార్తకూ ఏ సంబంధమూ లేదు. క్రీస్తు నామం కోసం నిజంగా దెబ్బలు తిన్నవారు, ఊరు విడిచినవారు మన దేశంలోనే ఉన్నారు. మన సజ్జ తగాదాకు ఆ మాట వాడుకోవడం వారి కన్నీళ్లను దొంగిలించడమే.

ఆ వారం ప్రసంగానికి నెహెమ్యా 4వ అధ్యాయం సిద్ధం చేసుకున్నాను. పేరు చెప్పకపోయినా సంఘంలో అందరికీ అర్థమయ్యేలాగే రాసుకున్నాను. శనివారం రాత్రి చదువుతూ చదువుతూ 5వ అధ్యాయంలోకి వెళ్లాను. సెమినరీలో ఈ గ్రంథాన్ని పరీక్షకు చదివాను, పాస్టర్‌గా ఎన్నోసార్లు బోధించాను. కానీ 4 నుండి 6కు దూకేయడం నాకూ అలవాటే. శత్రువులు ఆ రెండు అధ్యాయాల్లోనే ఉన్నారు మరి! 5వ అధ్యాయంలో ఉన్నది శత్రువులు కాదు, మొర. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టి ధాన్యం తెచ్చుకున్న పేదలు, తమ పిల్లలను దాసులుగా అప్పగించాల్సి వచ్చిన తల్లిదండ్రులు, తమ సొంత సహోదరుల మీదే మొరపెట్టారు. నెహెమ్యాకు చాలా కోపం వచ్చింది. అయితే ఆ కోపం మొరపెట్టినవారి మీద రాలేదు. గోడ పని జరుగుతోంది, తర్వాత రండి అని కూడా ఆయన అనలేదు. పెద్ద సమాజాన్ని కూర్చి, తీసుకున్నవి తిరిగి ఇచ్చేయమని ప్రధానులతో ప్రమాణం చేయించాడు. ఇదంతా ఆ 52 రోజుల్లోనే జరిగిందా అన్నదానిపై పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. గ్రంథకర్త మాత్రం దాన్ని గోడ కథకు సరిగ్గా నడుమ పెట్టాడు.

సన్బల్లటు సంగతీ ఒక మాట చెప్పుకోవాలి. ఆయన నెహెమ్యాకు పక్కింటివాడు కాదు. ఐగుప్తులోని ఎలిఫంటైన్ వద్ద దొరికిన క్రీ.పూ. 407 నాటి పత్రం ఆయన్ని షోమ్రోను అధిపతిగా పేర్కొంటోంది. గోడ లేస్తే తన రాజకీయ పలుకుబడి పోతుందనే ఆయన భయమంతా. మా పొరుగాయనకు ఏ రాజ్యముంది పోవడానికి?

'ఆయన ఏమంటున్నాడో మీరు ఒక్కసారైనా పూర్తిగా విన్నారా?' అని నా భార్య ఆ రాత్రే అడిగింది. వినలేదు. అరుపు విన్నాను గాని మాట వినలేదు.

ఆదివారం ఆరాధనకు ముందే వాళ్లింటికి వెళ్లాను. ఆయన లేచి నిలబడలేదు, కూర్చోమనీ అనలేదు. వాకిట్లో నులక మంచం మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు వాచిపోయి ఉన్నాయి. పొద్దున రెండు గంటలు ఆ ఎండలో కూర్చుంటేనే ఆమెకు కాళ్లు కదులుతాయి. మా పడమటి గోడ, దాని మీద స్లాబు లేస్తే ఆ వాకిట్లోకి వచ్చే పొద్దుటి ఎండ మొత్తం ఆగిపోతుంది. 'గోడ లేస్తే నాకు ఎండ రాదు గద బిడ్డా' అంది ఆమె. కొడుకు చెప్పింది ఇంకొకటి: మా పాత రేకుల నీళ్లే వాళ్ల గోడ పునాదిలోకి దిగుతున్నాయట, ఇక స్లాబు గొట్టం కూడా అటే పెడితే మట్టిగోడ ఎన్నాళ్లు నిలుస్తుంది? పద్దెనిమిదేళ్లుగా ఆ నీళ్లు అటే పోతున్నాయి. ఆయన ఒక్కసారీ అడగలేదు. నేను ఒక్కసారీ చూడలేదు.

చట్టం నా వైపే ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం ఒక కట్టడంలోకి 20 ఏళ్లపాటు అడ్డు లేకుండా వస్తున్న గాలీ వెలుతురూ హక్కుగా మారవచ్చు. అయితే అది కట్టడానికి వచ్చే వెలుతురు గురించి. వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్న ముసలమ్మ ఎండకు ఆ చట్టంలో చోటు లేదు. పంచాయతీ కాగితం మీద కూడా ఆమె లేదు. యూదుల మిష్నాలో 'బావా బత్రా' అనే భాగం ఒకటుంది, క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చినది. పొరుగువాని కిటికీకి పైనైనా, కిందైనా, ఎదురుగానైనా గోడను నాలుగు మూరల దూరంలో కట్టాలని అందులో నియమం. ఎదురుగా కట్టకూడదన్నది వెలుతురు ఆగిపోకుండా ఉండడానికని తర్వాతి రబ్బీలు వివరించారు. ఆ మాటకొస్తే కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలన్న ద్వితీయోపదేశకాండ ఆజ్ఞ (22:8) కూడా ఇంటి యజమాని సౌకర్యం కోసం ఇచ్చింది కాదు, ఆ ఇంటి మీదికి వచ్చిన మరో మనిషి పడకుండా ఇచ్చింది. యెహోయాకీము రాజు అన్యాయంగా మేడగదులు వేసుకుని, కిటికీలు పెంచి, దేవదారు పలకలు పరచి, ఎర్రరంగు పూయించినప్పుడు యిర్మీయా ఎలా విరుచుకుపడ్డాడో (యిర్మీయా 22:13–17) తెలిసినవే. ఇక తన నగరుకు ఆనుకుని ఉందని నాబోతు ద్రాక్షతోటను కూరతోటగా కలుపుకోవాలనుకున్న అహాబు సంగతి (1 రాజులు 21) ఇంటి విస్తరణ వ్యవహారం గాక మరేమిటి? నెహెమ్యాను నేననుకున్నాను, అహాబు పక్కనే నిలబడి ఉన్నాను!

మా నెక్కొండ స్టేషన్లో విజయవాడ వైపు రైలెక్కితే కేసముద్రం, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ వస్తుంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు అక్కడ కట్టించిన కేథడ్రల్ 1939లో ప్రతిష్ఠితమైంది. గుడి స్తంభాలను గుర్తుచేసే స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు ఆ ఆలయంలో ఉన్నాయి. చుట్టూ ఉన్నవారి కళ్లకు అది పరాయి కట్టడంలా కనిపించకూడదని ఆయన ఉద్దేశం. ఎన్నో ఏళ్లు పట్టింది. అంతటి ఆలయం కట్టేటప్పుడు ఆయన పొరుగువారి కళ్లతో చూశారు. నేను పది అడుగుల గది కట్టేటప్పుడు చూడలేకపోయాను.

అలాగని పొరుగువారు ఎదురు తిరిగిన ప్రతిచోటా విశ్వాసిదే తప్పని నేననను. మా పరిచర్యలోనే ఒక విధవరాలు ఇంటి వెనుక స్నానాల గది కట్టుకుంటుంటే, మగదిక్కు లేదని పక్కవారు మూడుసార్లు గోడ కూల్చారు. ఆ జాగా వారికి కావాలి. ఆమెతో 'సహించమ్మా, ఇస్సాకులా వదిలెయ్' అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇస్సాకు తవ్వించిన బావులను గెరారు కాపరులు తమవంటే ఏశెకునూ శిత్నానూ విడిచిపెట్టి రహెబోతు దాకా వెళ్లాడు (ఆది 26:19–22), నిజమే. కానీ ఆయన గుడారాలవాడు, మందలున్నవాడు. అరవై గజాల ఇల్లు తప్ప ఏమీ లేని స్త్రీ ఎక్కడికి వెళ్తుంది? నాబోతు రాజుతోనే 'ఇవ్వను' అన్నాడు, దేవుడు అతన్ని తప్పుపట్టలేదు. పౌలు కైసరుకు అప్పీలు చేసుకున్నాడు (అపొ.కా. 25:11). 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం అందుతుంది, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అదే తుది తీర్పు. సంఘ పెద్దలం ఆమె వెంట వెళ్లాం. గోడ నిలిచింది. ఆ ఇద్దరి మధ్య మాటలు మాత్రం ఈరోజుకీ లేవు. రోమీయులకు రాస్తూ అందరితో సమాధానంగా ఉండమన్న పౌలు దానికి ముందు 'శక్యమైతే' అన్న మాట ఎందుకు పెట్టాడో (రోమా 12:18) ఆ ఇంటి ముందు నిలబడితే తెలుస్తుంది. 'మీ చేతనైనంత' అని కూడా అన్నాడు. చేతనైనది ఎంతో తెలియాలంటే ముందు గోడ అవతలికి వెళ్లి కూర్చోవాలి కదా!

ఆ ఆదివారం నేను నెహెమ్యా 5వ అధ్యాయం బోధించాను. ప్రసంగం బాగా రాలేదు, సిద్ధపాటు లేదు. సోమవారం మేస్త్రీని పిలిచి పడమటి గోడను నాలుగడుగులు లోపలికి జరపమన్నాను. 'కట్టిన గోడ కూలగొట్టుడేంది సార్' అని ఆయన ఎగాదిగా చూశాడు. గది మంచం, బీరువా పట్టేంతకు తగ్గింది, ఖర్చు పెరిగింది. పాత రేకులు తీసేసి నీటి గొట్టం మా వాకిట్లోకే తిప్పాం. పక్కింటి వైపు కిటికీ తీసేసి పైన వెంటిలేటర్ పెట్టాం. సెంట్రింగ్ కర్రల సంగతి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

గది ప్రతిష్ఠ ప్రార్థనకు పిలిస్తే ఆయన రాలేదు. చలికాలంలో మాత్రం ఎండ ఎంత జరిగినా వాళ్ల వాకిట్లోకి ఆలస్యంగానే వస్తుంది. అందుకని ఆ పెద్దమ్మ పొద్దున్నే కర్ర పట్టుకుని మా అరుగు మీదికి వచ్చి కూర్చునేది. నా భార్య టీ ఇచ్చేది. కొడుకు వచ్చి, గేటు బయటే నిలబడి 'అమ్మా, పోదాం దా' అని పిలుచుకుపోయేవాడు. పెద్ద వాన పడితే మా వాకిలి ఇప్పటికీ బురదవుతుంది.