పన్ను మనది, పుస్తకం ఏది?

ఇంటిపన్నులో ప్రతి రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన పన్ను అది. మరి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పసిపిల్లల చేతికి అందే బొమ్మల పుస్తకం ఎన్ని ఊళ్లలో ఉంది?

పత్తి ఏరే రోజుల్లో తల్లి చేనుకు పోతే పిల్ల అవ్వ దగ్గరే ఉంటది. అవ్వకు చదువు రాకున్నా బొమ్మ చూపి కథ చెప్పగలదు. బడికి పోయే అక్క చదివి వినిపించగలదు. గోండి మాట్లాడే ఇండ్లల్లో ఆ కథ గోండిలోనే మొదలు కావాలి.

1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంతో మొదలైన గ్రంథాలయోద్యమం నిజాం కాలంలో తెలంగాణను మేల్కొల్పింది. ఆ వారసత్వం మనది.

గ్రామసభలో అడుగుదాం: వసూలైన పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరిందా? మన అంగన్‌వాడీకి పుస్తకాల పెట్టె ఎప్పుడు?