మినప్పప్పు సంగతి ఎవరూ అడగలేదు

డిటెక్టివ్ నవల బాగాలేదని ఎవరితోనైనా అంటే, "అందులో బాగుండటానికేముంది, కాలక్షేపానికేగా" అంటారు. ఆ కాలం ఎవరిదండీ? నాదే కదా. మధ్యాహ్నం అంట్లు సర్దుకున్నాక, పిల్లలు ఇంటికొచ్చేలోపు దొరికే గంటన్నర. అలాంటి మధ్యాహ్నాలు నాలుగు తీసుకుని ఒక నవల నన్ను ఉత్త చేతులతో పంపించేసింది.

దాని పేరు చెప్పను. అలాంటివి ఇంకా చాలానే వస్తున్నాయి. కథ మా మెట్ట ప్రాంతంలోనే జరుగుతుందని వెనక అట్ట మీద చూసి ఆశపడి కొన్నాను. నందిగామ దగ్గర ఒక పల్లె. పెళ్లయి నాలుగేళ్లయిన అమ్మాయి తెల్లవారేసరికి వంటింట్లో చనిపోయి ఉంటుంది. కడుపునొప్పి తాళలేక పురుగుమందు తాగిందని ఇంట్లోవాళ్లు చెబుతారు. తరవాత అది హత్య అని తేలుతుంది.

హంతకుడెవరో చెప్పేస్తున్నా, ఏమీ అనుకోకండి. హైదరాబాదు నుంచి వచ్చిన భర్త స్నేహితుడు. ఆయన మనకి కనిపించేదే ఆఖరి అధ్యాయంలో! 1929లోనే రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత ఇలాంటి కథలకి పది నియమాలు రాశాడు. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలన్నది అందులో మొదటిది. పాఠకురాలికి దొరకని ఆధారం డిటెక్టివుకి మాత్రం దొరికితే అది పోటీ ఎలా అవుతుంది? అగాథా క్రిస్టీ 1926లో రాసిన రోజర్ ఆక్రాయిడ్ కథలో ఆధారాలన్నీ మన కళ్లముందే ఉంటాయి. అయినా చివర్లో నోరు తెరుస్తాం. ఓడిపోయినందుకు సంతోషం వేస్తుంది.

ఇక ఆ హత్య ఎలా చేశాడంటే, కాఫీలో పురుగుమందు కలిపాడట. ఆ అమ్మాయి తెలియక గడగడా తాగేసిందట. మిరపకి మందు కొట్టి వచ్చిన మనిషి చొక్కాని రెండుసార్లు ఉతికినా ఆ వాసన వదలదు. పత్తీ మిరపా పండే ఊళ్లలో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. విషాల గురించి తెలిసి రాసింది. మన రచయిత ఒక్క రైతుని అడిగినా సరిపోయేది. హంతకుడు ఆ గ్లాసుని మే నెలలో నిండుగా పారుతున్న మున్నేట్లో విసిరేస్తాడు. మే నెలలో మున్నేరు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? కారులో హైవే మీద వెళ్లిపోతాడు. చిల్లకల్లులో, కీసరలో టోల్‌గేట్లున్నాయి, కెమెరాలున్నాయి. ఇన్‌స్పెక్టరుకి అవి గుర్తురావు.

ఆయన చేసేదల్లా చెంపమీద కొట్టడం. దెబ్బకి నేరం ఒప్పుకుంటాడు, కథ కంచికి. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది. 2024 జులైలో వచ్చిన కొత్త చట్టమూ అదే అంటోంది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా పోయినా మేజిస్ట్రేటు విచారణ జరగాలి. మన దగ్గర తహసీల్దారు వచ్చి శవ పంచనామా చేస్తారు. జిల్లా పేపరు చదివే ఏ ఇల్లాలికైనా తెలుసు. ఈ నవలలో తహసీల్దారు ఊసే లేదు.

బి.ఎ.లో ఔచిత్యం అని ఒక పాఠం ఉండేది. దేనికి ఏది తగునో అది ఉండటం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన అనౌచిత్యం వేరే ఉంది. ఆ చనిపోయిన అమ్మాయికి నలభై పేజీల దాకా పేరు లేదు. "మృతురాలు" అంతే. చీర ఎలా తొలగిందో, ఒళ్లు ఎలా ఉందో మాత్రం పేజీన్నర వర్ణించారు. ఆమె ఎవరితో మాట్లాడేది, పుట్టింటికి ఎప్పుడెళ్లింది, దేనికి భయపడేది? ఒక్కరూ అడగరు. పక్కింటావిడ చేత "ఆవిడ నడత మంచిది కాదు" అనిపించి ఊరుకున్నారు.

విచిత్రం చూడండి. వంటింటిని వర్ణిస్తూ రచయితే మొదటి పేజీలో ఒక గిన్నెలో మినప్పప్పు నానుతోందని రాశారు. నేను అక్కడే ఆగిపోయాను. రేపటి దోసెలకి పప్పు నానబోసుకున్న మనిషి ఆ రాత్రే చావాలనుకుందా? అనుకోదని తేల్చి చెప్పలేం గానీ, అడగవలసిన మొదటి ప్రశ్న అదే. పుస్తకం పూర్తయ్యేదాకా ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. తన చేతిలో ఉన్న ఆధారం రచయితకే కనిపించలేదు.

ఇది కథలోనే అయితే నవ్వుకుని వదిలేద్దును. పేపర్లో "కడుపునొప్పి తాళలేక" అన్న రెండు ముక్కలు చదివి మనం పేజీ తిప్పేసిన రోజులు ఎన్ని! అలా తిప్పనివ్వకుండా ఆపగలిగేది మంచి నేరకథే. ఒక ప్రాణం పోతే ఎందుకు, ఎలా అని ఎవరో ఒకరు పట్టు వదలకుండా అడిగి తీరాలన్నదే దాని ధర్మం.

మా అమ్మ కాలంలో పేటలో పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టుండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా ఇంట్లో చుట్టాల్లా తిరిగారు. తరవాత మల్లాది, యండమూరి. ఆ అద్దె డబ్బులు చాలావరకూ ఆడవాళ్ల పోపుల డబ్బాల్లోంచి వచ్చినవే. తెలుగు నవలని మోసిన మనకి ఏదిచ్చినా చదువుతారులే అనుకోవడం మర్యాద కాదు.

నేరకథ రాసేవాళ్లని నేను అడిగేది పెద్దదేమీ కాదు. చనిపోయినామెకి మొదటి పేజీలోనే పేరు పెట్టండి. వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలు తీసి చూడండి. మీకు తెలిసిన మంచి నేరకథలుంటే మీరు కూడా చెప్పండి, నా మధ్యాహ్నాలు ఇంకా ఉన్నాయి.