హాల్లో కంప్యూటరుకి గ్రాఫిక్స్ కార్డెందుకండీ?

"టీవీకి తగిలించుకుని సినిమాలూ అవీ చూసుకోడానికి తక్కువలో ఒక కంప్యూటరు చెప్పు బాబూ" అని ఎవరైనా అడగడం ఆలస్యం, మన సాఫ్టువేరు జనానికి పూనకం వచ్చేస్తుంది. ప్రాసెసరు లేటెస్టుదే ఉండాలి, ర్యామ్ ముప్ఫై రెండు ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు 'కనీసం' ఎనిమిది జీబీదైనా ఉండాలి. ఇంత ఎందుకయ్యా అంటే, "ఐదేళ్ళ దాకా మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అంటారు. నన్నడిగితే ఇది సలహా కాదు. అవతలివాడి డబ్బుతో మన ముచ్చట తీర్చుకోవడం.

మా బావగారు ఈమధ్య సికింద్రాబాదులో ఒక కొట్టువాడు రాసిచ్చిన కొటేషన్ నాకు పంపించారు. మొత్తం తొంభై నాలుగు వేలు. అందులో గ్రాఫిక్స్ కార్డు ఉంది, 650 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉంది, రంగురంగుల లైట్లు తిరిగే గాజు క్యాబినెట్టు కూడా ఉంది. రెండో హార్డుడిస్కు లేదు. యూపీఎస్ లేదు. సోఫాలో కూర్చుని నొక్కడానికి రిమోటు లేదు. "ఇంతకీ దీంట్లో ఏం చూస్తారు బావగారూ?" అంటే ఆయన చెప్పిన జాబితా ఇది: తమ పెళ్ళి క్యాసెట్టు, పిల్లల చిన్నప్పటి వీడియోలు, దగ్గరున్న పాత సినిమాల డీవీడీలు, అక్కయ్యకి యూట్యూబులో ప్రవచనాలు. దీనికి తొంభై నాలుగు వేలు!

అసలు వీడియో ఆడించడమంటే ఏమిటో ఒక్క నిమిషం చూద్దాం. సినిమాలో ప్రతి ఫ్రేమునీ ఉన్నదున్నట్టు దాస్తే ఏ డిస్కూ చాలదు. అందుకని ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య మారిన ముక్కని ఉంచి, మిగతాదాన్ని కుదించి మూటగడతారు. ఆ మూటగట్టే పద్ధతులే హెచ్.264, హెచ్.265, వీపీ9, ఏవీ1 వగైరా. చూసేటప్పుడు ఆ మూట విప్పాలి. ఈ విప్పే పని కోసమే చిప్పులో విడిగా ఒక చిన్న భాగం ఉంటుంది, దాన్నే డీకోడరు అంటారు. మూటకట్టు దానికి తెలిసిందైతే ప్రాసెసరు దాదాపు నిద్రపోతూ ఉంటుంది, ఫ్యాను చప్పుడు కూడా వినపడదు. తెలియందైతే ఆ చాకిరీ అంతా ప్రాసెసరు నెత్తిన పడుతుంది. ఫ్యాను గోల పెడుతుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

అంటే ఇక్కడ అడగాల్సింది "ఎంత వేగం?" అని కాదు, "ఈ మూట విప్పడం వచ్చా, రాదా?" అని. వస్తే చాలు. పదింతలు వేగమున్న చిప్పు కొన్నంత మాత్రాన సినిమా పదింతలు బాగా కనపడదు కదా!

ఇహ లెక్కకొద్దాం. హెచ్.264 అంటారా, ఈ పదేళ్ళలో వచ్చిన, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ఏ ఇంటెల్ డెస్కుటాప్ చిప్పుకైనా వచ్చు. హెచ్.265లో 10 బిట్ రకం, వీపీ9 కావాలంటే ఇంటెల్ ఏడో తరం చాలు. అది డెస్కుటాపుల్లోకి వచ్చింది 2017లో. ఏవీ1 కావాలంటే ఇంటెల్ పదకొండో తరం నుంచి, ఏఎండీ వాళ్ళ డెస్కుటాప్ రైజెన్లలో 2022లో వచ్చిన 7000 వరస నుంచి చూసుకోవాలి. అంతే సంగతి.

"కొత్తదీ ఖరీదైనదీ కొంటే అన్నీ ఉంటాయిలే" అనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. 2022లో వచ్చిన రేడియాన్ ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డుల్లో ఏవీ1 డీకోడరు లేదు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 అనే బుల్లి చిప్పులో ఉంది, దానికి కంపెనీ రాసిన లెక్క 6 వాట్లు. అదే ఏడు వచ్చిన రాస్ప్‌బెరీ పై 5 సంగతి ఇంకా తమాషా. హెచ్.265 డీకోడరు ఉంచి, అంతకుముందు మోడల్లో ఉన్న హెచ్.264 డీకోడరు తీసేశారు. కాబట్టి ధర చూసో, కొత్తదనం చూసో కొనడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. కొనేముందు ఆ చిప్పు ఏమేం విప్పగలదో కంపెనీ పేజీలో చూసుకోండి, ఐదు నిమిషాల పని.

కొట్లలో జరిగే ఇంకో చిత్రం చెప్తాను. "ఈ ప్రాసెసరు రెండు వేలు తక్కువ సార్, తీస్కోండి" అంటారు. పేరు చివర్న 'ఎఫ్' అని ఉందేమో చూడండి. ఇంటెల్‌లో ఆ ఎఫ్ ఉందంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. అప్పుడు విడిగా కార్డు కొనక చస్తామా? రెండు వేలు మిగిల్చి పదిహేను వేలు గుంజే ఉపాయం. లోపలే గ్రాఫిక్స్ ఉన్నది తీసుకుంటే కార్డు అక్కర్లేదు, కార్డు లేకపోతే 650 వాట్ల ఎస్ఎంపీఎస్ అక్కర్లేదు, అంత వేడి లేకపోతే అన్ని ఫ్యాన్లూ అక్కర్లేదు. ఒక్క అనవసరం పోతే దాని వెనకాల నాలుగు అనవసరాలు పోతాయి.

మరి ఏం కొనాలంటారా? నా ఓటు ఆఫీసులు వాడి వదిలేసిన బుల్లి డెస్కుటాపులకి. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ప్రవేశం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. దాంతో నిక్షేపంలాంటి ఏడో తరం మెషీన్లు ఆఫీసులకి బరువైపోయాయి. మనకి విండోసుతో పని లేదు. లిబ్రెలెక్ అనే లినక్సు వేసుకుంటే తిన్నగా కోడీ తెరుచుకుంటుంది, దానికి పైసా కట్టక్కర్లేదు. ఏవీ1 కూడా ఉండి తీరాలి, కొత్తదే కావాలి అంటే ఎన్100 డబ్బా తీసుకోండి. ఈ రెంటిలో ఏదైనా తప్పులేదు.

పాతది కొనేవాళ్ళు ఒక మెలిక చూసుకోవాలి. ఏడో తరం బోర్డుల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే ఉంటుంది. దాంట్లోంచి 4కే బొమ్మ సెకనుకి 30 ఫ్రేములే వెళ్తుంది. డిస్‌ప్లేపోర్టు ఉన్నది తీసుకుని, దానికి హెచ్‌డీఎంఐ 2.0కి మార్చే యాక్టివ్ అడాప్టరు పెట్టుకుంటే 60 వస్తుంది. మీది మామూలు 1080 టీవీ అయితే ఈ గొడవే లేదు.

ర్యామ్ 8 జీబీ చాలు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల ధాటికి ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూశాం. అలాంటప్పుడు ర్యామ్‌తో సహా వచ్చే పాత మెషీను ఇంకా లాభం. డిస్కు సంగతా? 4కే బ్లూరే డిస్కుల్లో గరిష్ఠ వేగం సెకనుకి 128 మెగాబిట్లు, అంటే 16 మెగాబైట్లు. నిదానంగా తిరిగే మామూలు హార్డుడిస్కు కూడా అంతకి ఎన్నో రెట్లు ఇస్తుంది. సిస్టమ్ కోసం చిన్న ఎస్ఎస్‌డీ, సినిమాలకి పెద్ద హార్డుడిస్కు, అంతే. సినిమాలు దాచడానికి ఎన్‌వీఎంఈ కొనమనేవాడు బియ్యం పొయ్యడానికి వెండి డబ్బా కొనమన్నట్టే.

కరెంటు సంగతి కొట్టువాడు ఎలాగూ చెప్పడు. రోజంతా ఆన్‌లో ఉండే మెషీను గ్రాఫిక్స్ కార్డుతో ఊరికే కూర్చుని 60 వాట్లు తాగితే నెలకి 43 యూనిట్లు. పది వాట్లది అయితే 7. తేడా 36 యూనిట్లు, అదీ మీ బిల్లులో పై శ్లాబులో పడుతుంది. యూనిట్టు ఎనిమిది రూపాయలనుకున్నా ఏడాదికి మూడున్నర వేల దాకా అవుతుంది. 'ఐదేళ్ళు చూసుకోనక్కర్లేదు' అన్నాడే, ఆ ఐదేళ్ళకీ ఈ డబ్బుతో ఇంకో మెషీను వస్తుంది :)

రిమోటు చిన్న విషయం అనుకుంటారు. కాదు. ఈ ఆఫీసు డెస్కుటాపులకి టీవీ రిమోటు మాట మామూలుగా వినపడదు, ఆ సీఈసీ సదుపాయం వీటి గ్రాఫిక్సులో ఉండదు. యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే రిమోటు ఒకటి కొనండి. ఇంట్లో అమ్మ పక్కవాళ్ళని పిలవకుండా తను చూడాల్సింది తనే పెట్టుకోగలిగితేనే అది హాల్లో వస్తువు. లేకపోతే అది మీ బొమ్మ, అంతే.

ఇప్పుడు ఎదురు వాదనకొద్దాం, అది బలమైనదే. "నాలుగైదు వేలకి స్టిక్కు దొరుకుతుంటే ఈ తద్దినమంతా ఎందుకు?" అంటారు. నిజమే. మీకు కావాల్సింది ఓటీటీలు మాత్రమే అయితే స్టిక్కే కొనుక్కోండి, అసలు కంప్యూటరే వద్దు. తాళాలు వేసిన ఆ వీడియోల్ని చాలా ఓటీటీలు లినక్సుకి తక్కువ రిజల్యూషన్లోనే ఇస్తాయి. దానికి మీరు ఎంత ఖరీదైన కార్డు కొన్నా లాభం లేదు. ఈ మాట కూడా గ్రాఫిక్స్ కార్డు అమ్మేవాడు చెప్పడు.

కానీ స్టిక్కులో కనపడేది మనది కాదు. 2025 జూన్‌లో ప్రైమ్ వీడియో మన దేశంలో డబ్బు కట్టినవాళ్ళకే ప్రకటనలు మొదలుపెట్టి, అవి వద్దంటే ఇంకాస్త కట్టమంది. ఆ ఏడు ఫిబ్రవరిలో రెండు ఓటీటీలు కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. వాళ్ళ ఇల్లు వాళ్ళిష్టం, కాదనను. కంప్యూటర్ల తరఫున కూడా గొప్పలు పోనక్కర్లేదు. మైక్రోసాఫ్టు 2015లో విండోస్ 10తో మీడియా సెంటరునే ఎత్తేసింది. 2012 నుంచి దశలవారీగా కేబుల్ డిజిటల్ అయ్యి సెట్‌టాప్ బాక్సులు వచ్చాక, ఒకప్పుడు ముచ్చటపడి కొన్న టీవీ ట్యూనరు కార్డులు అటకెక్కాయి. ఇన్ని పోయినా పోకుండా మిగిలింది ఒక్కటే, మన డిస్కులో మన ఫైలు. చూపించే డబ్బా మారుతూనే ఉంటుంది. అందుకే డబ్బా మీద కాదు, ఫైలు మీద ఖర్చుపెట్టాలంటున్నాను.

అసలు నా కోపమంతా ఇక్కడుంది. మన ఇళ్ళల్లో బీరువా పై అరలో పెళ్ళి క్యాసెట్లున్నాయి. వాటిలో ఇప్పుడు లేని తాతయ్యలు నవ్వుతూ తిరుగుతున్నారు, అమ్మమ్మ ఎవర్నో భోజనానికి లేవమంటోంది. ఆ టేపు మీద అయస్కాంతపు పూత ఏటేటా పాడవుతూనే ఉంటుంది. వీసీఆర్లు ఇంకా తయారుచేస్తున్న జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. పనిచేసే ప్లేయరు దొరకడం ఏడాదికేడాది కష్టమవుతోంది. తర్వాత స్టూడియోల వాళ్ళు రాసిచ్చిన డీవీడీలున్నాయి చూశారూ, అవీ శాశ్వతం కావు, వాటి రంగుపూతా చెడుతుంది.

మూడు గంటల పెళ్ళి క్యాసెట్టుని సెకనుకి 4 మెగాబిట్ల చొప్పున ఫైలు చేస్తే ఐదున్నర జీబీ కూడా కాదు. దాన్ని ఆడించడానికి పదేళ్ళ కిందటి చిప్పు చాలు, దాచడానికి మాత్రం రెండు డిస్కులు కావాలి. ఒకటి మెషీన్లో, ఒకటి బయట. వీలైతే మూడోది వేరే ఊళ్ళో తమ్ముడింట్లోనో అక్కయ్యింట్లోనో. హార్డుడిస్కు పోతుందా అన్నది ప్రశ్నే కాదు, ఎప్పుడు పోతుందన్నదే. మన కరెంటు కోతలకి యూపీఎస్ లేకపోతే ఇంకా ముందే పోతుంది. బడ్జెట్ అనేది ఒకటే గంప. అందులో గ్రాఫిక్స్ కార్డు కూర్చుంటే బయటికి దొర్లేది ఈ రెండో డిస్కే, ఈ యూపీఎస్సే. కార్డు పాతబడితే కొత్తది దొరుకుతుంది. తాతయ్య గొంతు ఏ కొట్లో దొరుకుతుంది?

చుట్టాలు మనల్ని అడిగేది "మనవాడు కంప్యూటర్లలోనే ఉన్నాడు, మోసం చెయ్యడు" అనే నమ్మకంతో. వాళ్ళకి చిప్పుల పేర్లు తెలియవు, మనం ఏది చెప్తే అది వేదం. అలాంటివాళ్ళకి మన ఆటల మెషీను కోరికల చిట్టా అప్పజెప్పడం నాకు చిన్న తప్పుగా కనపడదు. గేములాడేవాడు గ్రాఫిక్స్ కార్డు కొనుక్కోనీండి, వీడియో ఎడిటింగు చేసేవాడు పెద్ద ప్రాసెసరు కొనుక్కోనీండి, వాళ్ళకది పనిముట్టు. సినిమా చూసేవాడికి అంటగట్టకండి.

రేపు మిమ్మల్ని ఎవరైనా అడిగితే భాగాల పేర్లు మొదలుపెట్టకముందు మూడు ప్రశ్నలు వెయ్యండి. ఏం చూస్తారు? ఎవరు నొక్కుతారు? డిస్కు పోతే ఏం పోతుంది? మొదటిదానికి జవాబు వస్తే చిప్పు తేలిపోతుంది, రెండోదానికి వస్తే రిమోటు తేలిపోతుంది. మూడోదానికి ఎదుటివాళ్ళు కాసేపు మాట్లాడరు. అప్పుడు రెండో డిస్కు గురించి చెప్పండి, వింటారు.