గట్టు చుక్క దగ్గర ఉండదు

"సబ్‌నెట్ లెక్క చేతితో చేయడం రానివాడే ఐపీకాల్క్ కొడతాడు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు కంఠతా వస్తే టూల్ ఎందుకు?" నెట్‌వర్క్ పనిలో పదేళ్లు నలిగినవాళ్ల నోట ఈ మాట తరచూ వింటుంటాను. అనేవాళ్లలో చాలామందికి నాకన్నా లెక్కలు బాగా వచ్చు. ఖండించాల్సి వస్తున్నదీ అందుకే. రానివాడు అంటే ఎవరూ పట్టించుకోరు, వచ్చినవాడు అంటే కొత్తగా చేరిన కుర్రాళ్లు నిజమనుకుంటారు.

ఒప్పుకోవాల్సింది ముందే ఒప్పుకుంటాను. మనం రోజూ వాడే ఐపీ అడ్రసు 32 బిట్లు. /24 అంటే ముందున్న 24 బిట్లు కదలవు, మిగతా ఎనిమిదింటితో 256 అడ్రసులు వస్తాయి. /22 అంటే 1024. ఇది వేళ్ల మీద లెక్కే, దీనికి టూల్ అక్కర్లేదు. కాకపోతే పొరపాట్లు బ్లాకులో ఎన్ని అడ్రసులున్నాయన్న దగ్గర జరగవు. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్న దగ్గర జరుగుతాయి.

10.0.1.0/24, 10.0.2.0/24 అని రెండు బ్లాకులున్నాయనుకోండి. ఒకదాని పక్కన ఒకటి. పక్కపక్క చేలు రెండు కొన్నవాడు మధ్య గట్టు తవ్వేసి ఒకే చేను చేసుకుంటాడు కదా, అలాగే ఈ రెంటినీ కలిపి 10.0.1.0/23 అని రాసేయాలనిపిస్తుంది. కానీ అడ్రసుల చేలు అలా కలవవు. /23 బ్లాకు చుక్కల మధ్య మూడో సంఖ్య సరిసంఖ్య అయిన చోటే మొదలవుతుంది. 0, 1 ఒక జత. 2, 3 ఇంకో జత. 1కీ 2కీ మధ్య గట్టు తవ్వడానికి వీల్లేదు. అయినా 10.0.1.0/23 అని రాశారే అనుకుందాం. పైథాన్‌లోని ఐపీఅడ్రస్ మాడ్యూల్ తప్పని చెప్పి ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో బ్లాకులు దాచే సైడర్ రకం కాలమ్ కూడా ఒప్పుకోదు. ఫైర్‌వాల్ రూల్స్ రాసే ఐపీటేబుల్స్ మాత్రం కిక్కురుమనకుండా దాన్ని 10.0.0.0/23గా మార్చుకుని పెట్టుకుంటుంది. మీరు అడగని 10.0.0 లోపలికి వచ్చింది, అడిగిన 10.0.2 బయటే ఉండిపోయింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇలాంటి వరస వల్లే ఒక ఫ్లోర్ మొత్తానికి బిల్లింగ్ సర్వర్ అందలేదు. రాసింది లెక్క రానివాడు కాదు, నేనే. /23లో 512 అడ్రసులుంటాయని అప్పుడూ నాకు తెలుసు. కలపాలనుకున్న ఆ రెండు బ్లాకుల్ని అగ్రిగేట్ అనే చిన్న టూల్‌కి ఇచ్చి ఉంటే కలపకుండా రెండుగానే తిరిగిచ్చేది. అంతకుమించిన సమాధానం నాకప్పుడు అవసరం లేదు.

ఇంకో వాదన, అక్షరాలు వెతికే గ్రెప్ ఉండగా వేరే టూల్ దేనికని. లాగ్ ఫైలులో 10.1.2.3 కోసం గ్రెప్ చేసి చూడండి. 110.1.2.3 వస్తుంది, 10.1.2.34 కూడా వస్తుంది. గ్రెప్‌కి అడ్రసంటే అక్షరాల దండ, చుక్కంటే ఏ అక్షరమైనా. ఇవన్నీ జాగ్రత్తగా కట్టడి చేశారనుకున్నా బ్లాకు దగ్గర మళ్లీ చిక్కే. ప్రైవేటు వాడకానికి కేటాయించిన మూడు బ్లాకుల్లో 172.16.0.0/12 ఒకటి. అది 172.31.255.255 దాకా ఉంటుంది. 172.16 అని వెతికినవాడికి దక్కేది అందులో పదహారో వంతు. సరేలెమ్మని 172 అని వెతికితే ఇంటివాళ్లతోపాటు వీధిలోవాళ్లూ వస్తారు. గ్రెప్‌సైడర్ అనే టూల్ అడ్రసును సంఖ్యగా చదువుతుంది కాబట్టి ఈ గొడవే ఉండదు.

కంటిని నమ్మలేమనడానికి ఇంకో ఉదాహరణ. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికం 208.65.153.0/24 తనదన్నట్టు ప్రకటించడంతో యూట్యూబ్ ప్రపంచంలో చాలాచోట్ల అందకుండా పోయింది. యూట్యూబ్ ప్రకటించుకున్నది 208.65.152.0/22. రౌటర్లు ఇరుకైన బ్లాకుకే ఓటు వేస్తాయి కాబట్టి /24 గెలిచింది. అది లెక్క తప్పి జరిగింది కాదు, ఆ మాట చెప్పాలి. కానీ ఆ రెండు బ్లాకుల్నీ పక్కపక్కన రాసి చూడండి. ఒకటి రెండోదాని కడుపులో ఉందని ఎందరి కంటికి తడుతుంది?

కంఠతా పట్టిన సూత్రాలకూ కాలదోషం ఉంటుంది. ప్రతి బ్లాకులోనూ రెండు అడ్రసులు తీసేయాలని నేర్చుకున్నవాడి లెక్కలో /31కి మిగిలేది సున్నా. రెండు రౌటర్ల మధ్య లింకుకి ఆ రెండూ వాడుకోవచ్చని 2000లోనే ప్రమాణం వచ్చింది. ఇక 128 బిట్ల ఐపీవీ6లో /61 ఎక్కడ ముగుస్తుందో వేళ్ల మీద చెప్పేవాళ్లుంటే దణ్ణం పెడతాను.

"టూల్స్ మాత్రం తప్పు చేయవా?" అంటారు. చేస్తాయి. అంకె ముందు సున్నా ఉంటే పాత సంప్రదాయం దాన్ని అష్టాంశ పద్ధతిలో చదువుతుంది. లైనక్స్‌లో 010.8.8.8కి పింగ్ కొడితే అది వెళ్లేది 8.8.8.8కి. నోడ్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్లు విరివిగా వాడే నెట్‌మాస్క్ అనే ప్యాకేజీ ఆ సున్నాను పట్టించుకోలేదు. దాంతో 0177.0.0.1 అంటే నిజానికి 127.0.0.1, అంటే సొంత యంత్రమే అయినా, బయటి అడ్రసనుకుంది. 2021లో ఇది బయటపడింది. అదే ఏడాది పైథాన్ మాడ్యూల్‌లోనూ ఇలాంటి లోపమే దొరికింది. రెంటినీ సరిచేశారు. మరి 010ని చూడగానే పది అని చదివే మన కంటికి ప్యాచ్ ఎవరు వేస్తారు?

వెబ్ పేజీల్లోని లెక్కల యంత్రాల గురించి ఎక్కువ చెప్పను. కంపెనీ లోపలి అడ్రసుల పటాన్ని ఎవరిదో పేజీలో అతికించడం నాకు నచ్చదు, పైగా దాన్ని స్క్రిప్టులో పెట్టుకోలేం.

ఐపీకాల్క్ మీద నాకూ ఫిర్యాదు లేకపోలేదు. అమీర్‌పేట కోచింగ్‌లో రాసుకున్న పాత నోట్సు పట్టుకుని /24ని "క్లాస్ సీ" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. అడ్రసుల్ని క్లాసులుగా విడదీసే ఆ పద్ధతి 1993లో, ఈ స్లాష్ లెక్క తెచ్చిన సైడర్ రాకతోనే చెల్లిపోయింది. డెబియన్‌లో దొరికే ఐపీకాల్క్‌ని 10.1.2.0/24 గురించి అడగండి. 254 హోస్టులని సరిగ్గానే చెప్పి, ఆ పక్కనే "క్లాస్ ఏ" అని ఇప్పటికీ అచ్చేస్తుంది.