భూదేవంత ఓర్పు, గుంటెడు పట్టా లేదు

గత ఎండాకాలం హైదరాబాదులో వాతావరణ మార్పుల మీద జరిగిన ఒక సదస్సులో రెండు రోజులు కూర్చున్నాను. సముద్రం లేని కొండల దేశం నేపాల్ గురించి ఒక పూట, అదే విధంగా సముద్రానికి దూరంగా ఉన్న మన దక్కన్ మెట్ట ప్రాంతాల గురించి ఒక పూట చర్చ జరిగింది. వక్తలు పదే పదే వాడిన మాట 'రెజిలియన్స్'. దెబ్బ తిని కూడా నిలదొక్కుకునే శక్తి అని దాని అర్థం. ఆ శక్తి గ్రామీణ స్త్రీలలో అపారంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. నా పక్కన కూర్చున్న మిత్రురాలు చెవిలో అంది: "మా అమ్మమ్మ దీన్నే భూదేవంత ఓర్పు అనేది."

నాకు ఆ మెప్పు మింగుడు పడలేదు. ఓర్పు పేరు చెప్పి మన నోళ్ళు ఎంతకాలంగా మూయించారో ఈ పత్రిక చదివే వాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. అదే ఓర్పు ఇప్పుడు ఇంగ్లీషు పేరు పెట్టుకుని ప్రణాళికా పత్రాల్లోకి వచ్చిందేమోనని నా అనుమానం. వాన తప్పితే ఆమె తట్టుకుంటుంది. బోరు ఎండితే ఆమె తట్టుకుంటుంది. భర్త అప్పు చేసి గల్ఫ్ వెళ్తే ఆ అప్పునూ ఆమే తట్టుకుంటుంది. ఇన్ని తట్టుకునే మనిషికి వేరే ఏం కావాలి? భూదేవితో పోలుస్తారు గానీ ఆ భూమిలో గుంటెడు ఆమె పేర రాయరు.

ఆ తర్వాతి వారం ప్రజ్ఞాపూర్ వెళ్ళాను. హైదరాబాదు నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద గజ్వేల్‌కు మళ్ళే చోటు అది. ఉమ్మడి మెదక్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. పొద్దున ఆరు గంటలకు రోడ్డు పక్కన సద్ది గిన్నెలు పట్టుకుని ట్రాలీ ఆటో కోసం నిలబడ్డ ఆడవాళ్ళతో మాటలు కలిపాను. కూరగాయల తోటల్లో కలుపుకు, కోతకు పోతారు. ఆ కూరగాయలు ఇదే రహదారి మీదున్న వంటిమామిడి మార్కెట్టుకు, అక్కడి నుంచి నగరంలోని మన వంటిళ్ళకు వస్తాయి. సీజనులో పత్తి ఏరబోతారు, వరి నాట్లకు పోతారు.

ఎండల గురించి అడిగితే అరవై దాటిన ఒక అవ్వ అంది: "ఇసొంటి ఎండలు ఎన్నడు సూడలే బిడ్డా. పన్నెండు గొట్టంగనె కండ్లు తిరుగుతయి. నీళ్ళు తాగుదామంటె ఒంటికి వోయె జాగ లేదు. అందుకె గొంతు తడుపుకుంటం గని కడుపునిండ తాగం." ఎండదెబ్బ గురించి ప్రభుత్వం వేసే కరపత్రాల్లో తరచుగా నీళ్ళు తాగమని ఉంటుంది. చాటు ఎక్కడ దొరుకుతుందో ఉండదు. మూత్రాశయపు మంటలు, నడుంనొప్పి, పొలంలో పడిపోవడం, ఇవన్నీ 'ఆడవాళ్ళ రోగాలు' అయిపోతాయి గానీ వాతావరణ నష్టం కిందికి రావు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బ మరణానికి పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచిదే. అయితే ఎండదెబ్బతోనే చనిపోయిందని ఎవరు రాసివ్వాలి? కైకిలికి పోయి వచ్చి రాత్రి ఇంట్లో చనిపోయిన ఆడమనిషికి పోస్టుమార్టం ఎవరు అడుగుతారు?

సముద్రం మనకు ఎంత దూరమైనా తుఫాను మాత్రం వస్తోంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో సుమారు 65 సెంటీమీటర్ల వాన పడింది. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్ జిల్లాలు మునిగాయి. అదే ఏడాది అక్టోబరులో మోంథా తుఫాను వానకు మన సిద్దిపేట జిల్లాలోనే హుస్నాబాద్ మార్కెట్ యార్డులో ఆరబోసిన వడ్లు కొట్టుకుపోయాయి. ఒకనాడు కరువే ఇక్కడి కష్టం. ఇప్పుడు ఒకే ఏడాదిలో కరువూ వరదా రెండూ చూస్తున్నారు. నాటు వేసేటప్పుడు వాన ఉండదు, కోత కోసినాక వదలదు.

ఈ నష్టాన్ని లెక్కగట్టే పద్ధతి గురించే ఈ సంపాదకీయం. మన రాష్ట్రంలో రైతు అంటే పట్టాదారు. 2018 మేలో మొదలైన రైతుబంధు పట్టాదారుకే. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన 5 లక్షల రైతు బీమా పట్టాదారుకే, అదీ 18 నుంచి 59 ఏళ్ళ లోపు వాళ్ళకే. 2025 జనవరిలో ఎకరానికి సీజనుకు 6 వేల చొప్పున మొదలైన రైతు భరోసా కూడా పట్టా పుస్తకం వెంటే నడిచింది. కౌలుదారులకూ ఇస్తామన్న మాట 2023 ఎన్నికల హామీల్లోనే మిగిలింది. రాష్ట్రంలో సేద్యం చేసేవాళ్ళలో మూడో వంతుకు పైగా కౌలుదారులేనని 2022లో రైతు స్వరాజ్య వేదిక సర్వేలో తేలింది. పంటల బీమా సంగతి సరేసరి, 2020 వానాకాలం నుంచి రాష్ట్రం కేంద్ర పథకం నుంచే తప్పుకుంది.

ఇందులో స్త్రీ ఎక్కడుంది? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పనిచేసే ప్రతి నూరుమంది స్త్రీలలో దాదాపు 65 మంది వ్యవసాయంలోనే ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం స్త్రీల పేరిట ఉన్న కమతాలు నూటికి 14. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఆడవాళ్ళంతా పని చేస్తారు, నష్టపోతారు, లెక్కలోకి రారు. ప్రజ్ఞాపూర్ దగ్గర రెండెకరాలు కౌలుకు చేస్తున్న ఒక చెల్లెలిని 'నువ్వు రైతువేనా' అని అడిగాను. నవ్వింది. "పట్టా పటేల్ పేర, రైతుబంధు పటేల్‌కు, అప్పు నా పేర. నేనెట్ల రైతునయిత మేడం?" అంది. భర్త చనిపోయి మూడేళ్ళయిందట. వడ్లు కొనే కేంద్రంలో కూడా తన పేర అమ్ముకోవడానికి భూమి గలాయన ఒప్పుకోవాలి. ఆ కేంద్రాన్ని నడుపుతున్నది మహిళా సంఘమే. తూకం వేసి రాసుకునేది ఆడవాళ్ళే, అమ్మడానికి పేరు లేనిదీ ఆడమనిషే.

రైతు ఆత్మహత్య చేసుకున్న ఇంట్లో ఇది మరింత కఠోరంగా కనబడుతుంది. 2004 నాటి 421 జీవో, 2015లో పరిహారాన్ని 6 లక్షలకు పెంచిన 194 జీవో ఉన్నాయి. అవి రావాలంటే చనిపోయింది రైతేనని, అప్పు సేద్యం కోసమేనని ముగ్గురు అధికారుల కమిటీ ఒప్పుకోవాలి. కాగితాలు పట్టుకుని తిరగాల్సింది భార్య. అదే స్త్రీ చనిపోతే? ఆమె వృత్తి దగ్గర 'గృహిణి' అని రాస్తారు. ఇక కమిటీతో పనేముంది.

ప్రజ్ఞాపూర్‌లో మరో చిక్కు ఉంది. దాన్ని నేను ముందుగా ఊహించలేదు. 2012లో గజ్వేల్, ప్రజ్ఞాపూర్‌లను కలిపి నగర పంచాయతీ చేశారు, తర్వాత అది మున్సిపాలిటీ అయింది. ఊళ్ళో అందరూ సంబరపడ్డారట. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకే వర్తించింది. పట్నం కాగానే ఆ పని హక్కు పోయింది. 2025 జనవరిలో భూమి లేని కూలీ కుటుంబాలకు ఏటా 12 వేలిచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా వచ్చింది. 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలన్నది నిబంధన. పని పెట్టని చోట ఇరవై రోజులు ఎక్కడ నుంచి తేవాలి? మున్సిపాలిటీల్లోని కూలీల ఈ అన్యాయం మీద హైకోర్టులో వ్యాజ్యం కూడా పడింది. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టం పేరులోనూ 'గ్రామీణ్' అన్న మాటే ఉంది. ఆ అవ్వ పొలానికే పోతుంది, ఎండలోనే వంగుతుంది, కాగితంలో మాత్రం పట్నవాసి. వానలు లేక కూలి దొరకని నెలలో ఒక పూట తిండి తగ్గించుకోవడం తప్ప ఆమెకు మరో ఆసరా లేదు. సదస్సులో మెచ్చుకున్న శక్తి ఇదే కాబోలు.

నీళ్ళ సంగతి చెప్పకపోతే పాక్షికంగా మాట్లాడినట్టవుతుంది. 2016 ఆగస్టులో మిషన్ భగీరథను ప్రారంభించింది గజ్వేల్ పక్కన కోమటిబండలోనే. ఇంటి ముందు నల్లా వచ్చాక బిందెల బరువు దిగిందని ఆడవాళ్ళు మనస్ఫూర్తిగా చెప్పారు. ఆ మేలును తక్కువ చేయను. గోదావరి నీళ్ళను మేడిగడ్డ నుంచి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తి ఈ మెట్ట మీద నిలిపే జలాశయాలు కూడా ఇక్కడే వచ్చాయి. 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ 2020 మేలో, 50 టీఎంసీల మల్లన్నసాగర్ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యాయి. ఈలోగా 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. కరువుకు విరుగుడు ఇదేనని పాలకులు చెప్పిన ఆ నీళ్ళ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్ళు మునిగాయి. భూములు ఇవ్వబోమని వేములఘాట్ స్త్రీలు నెలల తరబడి దీక్షల్లో కూర్చున్నారు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు గజ్వేల్ పక్కన పునరావాస కాలనీలో ఉన్నారు. వితంతువులను, భర్త వదిలేసిన స్త్రీలను వేరే కుటుంబంగా లెక్కించాలని 2013 భూసేకరణ చట్టమే చెబుతోంది. చట్టంలో ఉన్నా కుటుంబం అనగానే మగవాడి పేరు రాసే అలవాటు పోలేదు. గేదె, వనం, చెరువు గట్టు పోయిన స్త్రీ కాలనీలో సిమెంటు గోడల మధ్య చేతిలో పని లేకుండా కూర్చుంది. ఒకామె అన్నది: "ఇల్లు మంచిగనే ఉన్నది మేడం. కూరాకు గూడ కొనుడే."

మళ్ళీ నేపాల్ దగ్గరికి వస్తాను. అక్కడ కొండచరియలు, మంచు సరస్సులు తెగి వచ్చే వరదలు, ఎండిపోతున్న ఊటలు. 2024 సెప్టెంబరు వరదల్లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. మగవాళ్ళు గల్ఫ్‌కు, మలేసియాకు పోతారు. ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల వాళ్ళకు ఇది తమ ఇంటి కథలాగే వినబడుతుంది. ఆ బీద దేశం ఒక పని చేసింది. స్త్రీ పేరిట భూమి రిజిస్టరు చేస్తే ఫీజులో రాయితీ, భార్యాభర్తల ఉమ్మడి పేరిట మార్చుకుంటే నామమాత్రపు రుసుము పెట్టింది. దానితోనే సమానత్వం వచ్చేసిందని అనను. పన్ను మిగుల్చుకోవడానికి పేరు రాసి, పెత్తనం తామే చేసే మగవాళ్ళు అక్కడా ఉన్నారు. అయినా పేరంటూ కాగితం మీదికి వచ్చింది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. జహీరాబాద్ ప్రాంతపు దళిత స్త్రీల సంఘాలు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి వాళ్ళు బీడు భూముల్లో జొన్న, సజ్జ, కొర్ర, కంది ఒకే చేనులో కలిపి పండిస్తున్నారు. ఒక పంట పోతే ఇంకొకటి నిలుస్తుంది. విత్తనం ఆడవాళ్ళ చేతిలోనే ఉంటుంది, దుకాణానికి పోదు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు, 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వీళ్ళను పొగిడేవాళ్ళు చిరుధాన్యాల గురించి చెబుతారు, భూమి గురించి చెప్పరు. సంఘాలుగా కలిసి కౌలుకు తీసుకోవడం, ఎస్సీ కార్పొరేషన్ పథకం కింద స్త్రీల పేరిట భూమి కొనిపించడం, ఇవి ఆ కథలో మొదటి అధ్యాయాలు. ఏ పంట వేయాలో చెప్పే హక్కు అక్కడి నుంచి వచ్చింది. 2014 ఆగస్టులో స్త్రీల పేరిటే మొదలుపెట్టిన దళితులకు మూడెకరాల పథకం సుమారు ఏడు వేల కుటుంబాల దగ్గర ఆగిపోయింది. దాన్ని ఎందుకు ఆపారని మన సంఘాలు కూడా గట్టిగా అడగలేదు. ఈ విమర్శ మనకు మనం చేసుకోవాల్సిందే.

చట్టాల విషయంలో తెలుగునేల వెనకబడి ఏమీ లేదు. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇక్కడ 1986లోనే వచ్చింది, దేశానికి 2005లో వచ్చింది. 2007 జాతీయ రైతు విధానం కౌలుదారులను, కూలీలను, పశువులు మేపేవాళ్ళను కూడా రైతులనే అంది. ఎం.ఎస్. స్వామినాథన్ మహిళా రైతుల హక్కుల బిల్లును 2012లో రాజ్యసభలో పెట్టారు, 2013లో అది మురిగిపోయింది. 2026ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. బానర్ల మీద ఆ మాట చూస్తాం, సందేహం లేదు. పట్టా లేకపోయినా సేద్యం చేసే స్త్రీకి గుర్తింపు కార్డు, పంట నమోదులో సాగు చేసే మనిషి పేరు, మున్సిపాలిటీలో ఉన్న వ్యవసాయ కూలీకి పని హక్కు అడగడానికి ఆ బానర్లను వాడుకుందాం.

అందుకు మన దగ్గర లెక్క ఉండాలి. మీ ఊళ్ళోకి వ్యవసాయ విస్తరణ అధికారి పంట నష్టం రాసుకోవడానికి వచ్చిన రోజునే సంఘం పుస్తకంలో మీరూ రాయండి: సర్వే నంబరు, పట్టా ఎవరి పేర, దున్నింది ఎవరు, కలుపు తీసింది ఎవరు, అప్పు ఎవరి పేర, డబ్బు ఎవరి ఖాతాలో పడింది. ప్రజ్ఞాపూర్‌లో ఈ పని మొదలైంది. రాసిన కాగితాల నకళ్ళు వచ్చే సంచికకు నెల ముందుగా కార్యాలయానికి పంపండి. చేతిరాతైనా ఫరవాలేదు, ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయండి.